గేరుబాక్సునకు తెలుగు రాదా?

ప్రతిసంవత్సరమును ఏప్రిలు 15వ తేది మొదలు జూను 14వ తేది వరకు, 61 దినములు, తూర్పుతీరమున మరపడవల వేట నిలిచిపోవును. చేప గుడ్డు పెట్టు కాలమున వల వేయరాదను నియమము మంచిదే. దానిని గూర్చి మాకు వివాదము లేదు. ఆ రెండు మాసములును ప్రభుత్వమువారు జాలరులకిచ్చు భృతిని గూర్చి పత్రికలు వ్రాయును, శాసనసభ్యులు ప్రసంగింతురు, భృతి ఆలస్యమైనచో ధర్నాలు జరుగును. కాని ఆ 61 దినములలో రేవున నిజముగా జరుగు పనిని గూర్చి వ్రాయువాడు లేడు. విశాఖపట్టణపు చేపలరేవున, కాకినాడ జగన్నాథపురమున, నిజాంపట్టణమున, మచిలీపట్టణపు గిలకలదిండిలో పడవలు మరమ్మతునకు ఒడ్డెక్కును. అడుగున పట్టిన గుల్లలు గోకుదురు, చెక్కల సందులు పూడ్చుదురు, రంగు పూయుదురు, ఇంజను విప్పుదురు. ఇంజను వెనుక కూర్చున్న ఇనుపపెట్టెను మాత్రము అనేకపర్యాయములు మూతయైనను తీయక, పైపైన తుడిచి విడిచిపెట్టుదురు. "అది బాగానే యున్నది" అని మిస్త్రీ చెప్పును. ఏ ఆధారముచేత బాగున్నదో అతడు చెప్పజాలడు. చెప్పజాలకుండుట అతని దోషము కాదు. ఎవరి దోషమో విచారించుటకే మేము నేడు కలము పట్టితిమి.

ఆ పెట్టె పేరు గేరుబాక్సు. మా చదువరులలో చాలమంది పట్టణవాసులు. కారుగేరు తెలిసినవారు, పడవగేరు తెలియనివారు. కావున వారికొరకు రెండుమాటలు చెప్పుదుము. పడవలోని డీజిలు ఇంజను నిమిషమునకు 1,800 చుట్లు తిరుగుచున్నదనుకొందము. నీటిలోని పంకా అంతవేగముగ తిరిగినచో నీటిని నురుగు చేయునే గాని పడవను నెట్టదు. వల నీడ్చు బరువుపడవకు పెద్దపంకా కావలెను, అది మెల్లగ తిరుగవలెను. మూడుచుట్లను ఒకచుట్టుగ తగ్గించుట ఈ పెట్టె మొదటిపని. ఇంజను ఒకదిక్కుననే తిరుగును, పడవ వెనుకకును పోవలెను. కావున దిక్కు మార్చుట రెండవపని. కారునకున్నట్లు పడవకు బ్రేకు లేదు. రేవు చొచ్చునపుడు ముందున్న పడవకు తగులకుండ నిలుపవలెనన్న వెనుకగేరు వేయుటయే దారి. ఇక పంకా నీటిని త్రోసినపుడు పుట్టు బలమంతయు ఇరుసు వెంబడి వచ్చి సాధారణముగ ఈ పెట్టెలోని బేరింగుపైననే పడును; టన్నులకొలది బరువుగల పడవను ముందునకు నెట్టు తోపుడును మోయునది ఆ బేరింగే. ఇంజను చెడుచున్నపుడు పొగ చెప్పును, చప్పుడు చెప్పును. గేరుబాక్సు పెక్కుసారులు మాటలేకయే చెడును. చెడినదని తీరమునకు 60 మైళ్ల దూరమున తెలియును.

ఇక హైదరాబాదు సంగతి. 1998 నవంబరు 22వ తేదిని వాజపేయిగారు సైబరుటవర్సును ప్రారంభించిననాటినుండి మాదాపురము, గచ్చిబౌలి, నానకరాముగూడ ప్రాంతమంతయు ప్రపంచమునకు గుమాస్తాగిరి చేయుచున్నదని కొందరు ఎగతాళి చేయుచుందురు. ఆ ఎగతాళికి కాలము చెల్లినది. నేడు అచట లెక్కలు మాత్రమే కాదు, యంత్రముల రూపకల్పనయు జరుగుచున్నది. జర్మనీదేశమున ఒక మహాసరస్సు గట్టున ఫ్రీడ్రిక్సుహాఫెను అను ఊరు గలదు. అచట 1915లో జెప్పెలిను ఆకాశనౌకలకు పండ్లచక్రములు చేయుటకై ఒక కర్మాగారము పుట్టినది. జడ్.ఎఫ్. అను దాని పేరే పండ్లచక్రముల కర్మాగారమను జర్మనుమాటకు కుదింపు. కారులకును లారీలకును మాత్రమే గాక పడవలకును అది గేరుబాక్సులు చేయుచున్నది. ఆ సంస్థ 2017లో మన నానకరాముగూడలో తన సాంకేతికకేంద్రమును నెలకొల్పినది. అచట జరుగునది ముఖ్యముగ మోటారువాహనముల పని. పడవగేరు అచటనే పుట్టుచున్నదని మేము చెప్పుట లేదు, ఆ సంస్థను నిందించుటయు మా యుద్దేశము కాదు. మేము చెప్పునది వేరు. పండ్లచక్రపు పన్ను ఎచట అరుగునో, బేరింగు ఎన్నిగంటలకు అలయునో కంప్యూటరుపై గణింపనేర్చిన తెలుగుబిడ్డలు ఆ ప్రాంతమున వేలకొలది గలరు. అదే పన్ను విరిగినపుడు నడిసముద్రమున దిక్కుతోచక నిలుచు తెలుగుబిడ్డలును వేలకొలది గలరు. ఇరువురి యింట మాటలాడుభాష ఒక్కటియే. ఇరువురి నడుమ, మేము చూచినంతవరకు, ఈ విషయమున ఒక్క తెలుగుపుట లేదు.

"సముద్రములేని నగరమునకు పడవగేరుతో పనియేమి?" అని అడుగువారున్నారు. ప్రశ్న వినుటకు బాగుగనే యున్నది. కాని అదే నగరమున, ప్రగతినగరమున, 1999లో స్థాపింపబడిన జాతీయ సముద్రసమాచార కేంద్రము, ఇన్‌కాయిస్ అనునది, నిలిచి యున్నది. ఉపగ్రహములు కొలిచిన సముద్రజలపు వేడిమిని బట్టియు, నీటిపచ్చదనమును బట్టియు చేప ఎచట గుమిగూడునో ఊహించి ఆ వార్తను తీరప్రాంతపు భాషలలో, తెలుగునను, జాలరులకు పంపుచున్నది. 2007 నుండి సునామి హెచ్చరికలును అచటినుండియే వెలువడుచున్నవి. చేప యున్న తావును తెలుగులో చెప్పగల నగరము, ఆ తావునకు పోయి తిరిగివచ్చు ఉపాయమును తెలుగులో చెప్పజాలదా?

అంతకంటె పాతమాటయు నొకటి గలదు. ఓరుగల్లునకును సముద్రము లేదు. అయినను 1244లో కాకతి గణపతిదేవచక్రవర్తి మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. తుపానుకు చెదరి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపురాజులు దోచుకొనుచుండగా, తాను నిర్ణీతమైన సుంకము దక్క మరేమియు ముట్టనని ఆయన మాట యిచ్చెను. నాటి లోతట్టుప్రభువు నావికునకు అభయమిచ్చెను. నేటి లోతట్టునగరమును ఎవరును అభయమడుగుట లేదు. ఒక పుస్తక మడుగుచున్నారు.

ఆ పుస్తకములో నేముండవలెనని ఎవరైన సందేహించినచో కొంత మేమిచ్చటనే వ్రాసి చూపుదుము. ఇట్టి విషయము తెలుగునకు లొంగదనువారికి వేరు సమాధానమక్కరలేదు.

మొదట నూనె. కొలతపుల్లను పైకి తీసి చూడవలెను. నూనె చిలికిన మజ్జిగవలె తెల్లబారియున్నచో అందు నీరు చేరినదన్నమాట. ఆ నీరు సాధారణముగ పైనుండి పడినది కాదు. గేరునూనెను చల్లార్చుటకు ఒక కూలరుండును. దానిలోని సన్నని గొట్టములగుండ ఉప్పునీరును, గొట్టములచుట్టును నూనెయు పారుచుండును. ఉప్పు లోహమును తినును. సూదిమొనయంత రంధ్రము పడినను చాలును, రెండును ఏకమగును. అట్టి యెడ నూనె మార్చి ఊరకుండుట దండుగ; కూలరును విప్పి పరీక్షించి బాగుచేసి, పెట్టెను క్రొత్తనూనెతో ఒకటికి రెండుసారులు కడిగి, అప్పుడు నింపవలెను. కొన్ని కూలరులలో జింకుముక్క యొకటి బిగించియుందురు. తాను కరిగిపోయి రాగిని కాపాడుట దాని ధర్మము. అది కరిగిపోయిన పిదప క్రొత్తముక్క వేయవలెనని తెలియక, కొన్నివందల రూపాయల వస్తువునకై లక్షల వస్తువును పోగొట్టుకొనుట మన రేవులకు క్రొత్త కాదు. నూనె నల్లబడి మాడువాసన కొట్టినచో క్లచ్చిపలకలు జారి కాలుచున్నవని గుర్తు. నూనెలో ఇనుపరజను మెరసినచో పండ్లో బేరింగో అరుగుచున్నవని గుర్తు. ఇంత చెప్పుటకు తెలుగున మాటలు చాలకపోయినవా?

ఏ నూనె పోయవలెననునది మరియొకటి. పెట్టెమీది రేకుబిళ్లపైనను, దానితో వచ్చిన పుస్తకమునను వ్రాసియుండును, ఆంగ్లమున. కొన్నిటికి 30 గాని 40 గాని చిక్కదనముగల ఇంజనునూనెయే చాలును. కొన్ని చిన్నపెట్టెలకు ఆటోమేటిక్ కారుగేరులలో పోయు పలుచని ఎర్రనూనె కావలెను. ఒకదానికి మారుగ మరియొకటి పోసిన క్లచ్చి సరిగ పట్టదు. కొలుచుటలోను చిక్కున్నది. కొన్ని పెట్టెలలో ఇంజను మెల్లగ తిరుగుచుండగ కొలువవలెను, కొన్నిటిలో ఆపిన పిదప. కొన్నిటి కొలతపుల్లకు మర యుండును. అయినను కొలుచునపుడు మర బిగింపరాదు, రంధ్రముపై ఆనించియే చూడవలెను. బిగించి చూచినవానికి పుల్ల లోతునకు దిగి నూనె నిండుగ నున్నట్లు కనబడును, అతడు తక్కువనూనెతోనే పదిదినముల వేటకు బయలుదేరును. ఈ సంగతి పుస్తకములో ఒక్కవాక్యము. ఆ ఒక్కవాక్యము ఆంగ్లమున నుండుటచే ఎన్ని క్లచ్చులు కాలినవో లెక్కించినవాడు లేడు.

తరువాత తీగ. సరంగు చేతిక్రింది గేరుమీటనుండి పెట్టెమీది మీటవరకు ఒక కేబులుతీగ పోవును. అది సాగినను, తుప్పుపట్టినను లోపలిమీట పూర్తిగ కదలదు. సరంగు గేరు వేసితిననుకొనును. లోపల క్లచ్చి సగమే పట్టి జారుచు కాలుచుండును. పెట్టె చెడినదని దానిని ఊడదీసి, బండికెత్తించి, వేలకువేలు పోసి బాగుచేయించి మరల బిగింతురు. తీగ మాత్రము పాతదే. నెలతిరుగకమునుపే అది మరల క్లచ్చిని కాల్చును. చేయవలసినది ఎంత చిన్నపని! తీగను విడదీసి, పెట్టెమీది మీటను చేతితో ముందునకు వెనుకకు త్రిప్పి చూచుటయే. చేతితో త్రిప్పినపుడు గేరు చక్కగ పడినచో దోషము తీగది. నడిమిస్థానమునుండి ఇరువైపులను మీట సమముగ, నిండుగ కదలునట్లు తీగను సవరించినచో పని ముగిసినది. ఈ సవరింపునకు రెండు రెంచీలును అరగంటయు చాలును.

ఇక సముద్రమున నున్నవాని మాట. ఇంజను హోరుమనుచున్నది, పడవ కదలదు. అప్పుడు పెట్టెను విప్పరాదు. ముందు ఇరుసును చూడవలెను. ఇరుసు తిరుగుచున్నచో పెట్టె నిర్దోషి. పంకా ఊడినదో, రెక్కలు విరిగినవో అయియుండును. ఇరుసు తిరుగకున్నచో ముందు తీగ, పిదప నూనె, ఆపై ఇరుసును పెట్టెను కలుపుచోటనున్న బోల్టులు. ఇవి యన్నియు సరిగ నున్నపుడే క్లచ్చిని అనుమానింపవలెను. మన మిస్త్రీలలో పెక్కురు ఈ వరుసను తలక్రిందుగ పట్టుకొందురు, ఏలన వరుసను వారికి చెప్పినవారు లేరు.

పోనిండు, క్లచ్చియే పోయినదనుకొందము. అప్పటికిని దారి యున్నది. నూనెయొత్తిడిచే పనిచేయు పెద్దపెట్టెలలో పెక్కింటికి తయారుచేసినవారు ముందుచూపుతో ఇల్లుచేరు ఏర్పాటొకటి పెట్టియుందురు. ఇంజను నాపి, చూపినచోటి మూత తీసి, చూపిన మరలను బిగించినచో ముందుగేరు పలకలు ఒకదానినొకటి అదుముకొని గట్టిగ పట్టుకొనును. ఆపైన న్యూట్రలు లేదు, వెనుకగేరు లేదు. ఇంజను తిరిగినంతసేపు పంకా తిరుగుచునే యుండును. మెల్లగ పోవలెను, రేవు చొచ్చునపుడు ప్రాణములు పిడికిట పెట్టుకొని పోవలెను. కాని ఇల్లు చేరవచ్చును. ఇల్లు చేర్చు ఆ మరలు తన పడవలోనే యున్నవని తెలియని సరంగు ఏమి చేయును? వైర్‌లెస్సున మరియొక పడవను పిలుచును. పలికినచో అదృష్టము. పలుకనిచో గాలి ఎటు వీచిన నటు పోవును.

నీటిమీద సరిహద్దుగీత కనబడదు. 2018 నవంబరులో గుజరాతుపడవలపై పనిచేయుచు పాకిస్తానువారికి చిక్కిన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల జాలరులు 2020 జనవరిలో గాని వాఘాద్వారము దాటలేదు. వారు చిక్కినది గేరు చెడి యని మేము చెప్పుట లేదు. గీత దాటిన పేదవానికి ఏమగునో వారి చెర చెప్పుచున్నది. చుక్కాని యుండియు కదలలేని పడవ ఆ గీతను తనంత తానే దాటగలదు.

సాయమునకు మరియొక పడవ వచ్చినదనుకొన్నను అజ్ఞానము వదలదు. ఈడ్చుకొనిపోవు వేళ మన ఇంజను ఆగియుండును. నీటివిసురుకు పంకా మాత్రము తిరుగుచుండును. పెట్టెలోని నూనెపంపు ఇంజనువైపున నుండుటచే తిరుగదు. చక్రములు తిరుగుచుండును, నూనె చేరదు. రెండుజాములు అట్లు ఈడ్చినచో, బయలుదేరునపుడు చిన్నదోషముగల పెట్టె రేవు చేరునప్పటికి పనికిరాని ఇనుమగును. ఇరుసును త్రాటితో బిగించి కట్టివేసినచో ఈ నష్టము లేదు. ఒక మూర త్రాడు!

మరియొకటి చెప్పి ఈ ప్రకరణము ముగింతుము. ఒడ్డెక్కిన చెక్కపడవ ఆకారము వేరు, నీటిలో తేలిన పడవ ఆకారము వేరు, చెక్క వంగును. కావున ఒడ్డున సరిచూచిన ఇరుసుసూటి నీటిలో సూటి కాదు. పడవను దింపి, ఒకటి రెండుదినములు నీట నుంచి, కలుపుబిళ్లల బోల్టులు సడలించి, సన్నరేకుల కొలతతో చుట్టును నాలుగుతావుల సందు కొలువవలెను. మిల్లీమీటరులో పదవవంతునకు మించి తేడా యున్నచో ఇంజనుకాళ్లను సవరింపవలెను. లేనిచో పెట్టెలోని బేరింగును, నూనెసీలును పనిగట్టుకొని చంపుకొన్నట్లే. 60 దినములు మరమ్మతు చేసి, ఈ పనికి ఒక్కదినము మిగుల్చుకొనక, జూను 15న తెల్లవారకమునుపే లంగరెత్తు యజమానిని ఏమనవలెనో మాకు తోచుట లేదు.

ఇక ఆక్షేపణలు. "జాలరికి చదువురాదు, పుస్తక మెవనికి?" అందురు. చదువు వచ్చినవానికే పుస్తకమన్నచో ఆంగ్లపుస్తకము మాత్రము వానికేల యిచ్చితిరి? పడవలో పదిమంది యుందురు. వారిలో పదవతరగతి చదివిన కుఱ్ఱవాడొకడైన నుండును. ఆ కుఱ్ఱవాడు చదువ తక్కినవారు విందురు. మన పల్లెలలో పత్రికలు చదువబడిన విధము ఇదియే గదా. అదిగాక నేడు ప్రతిసరంగు చేతిలోను ఫోను గలదు. అక్షరము రానివాడును అందు మాట వినగలడు, బొమ్మ చూడగలడు.

"మిస్త్రీకి అనుభవముచే సర్వము తెలియును" అందురు. మిస్త్రీల అనుభవమునెడ మాకు గల గౌరవము ఈ మాటలాడువారికి గల గౌరవముకంటె ఎక్కువ. చెవి నానించి బేరింగు వ్యాధిని చెప్పగలవారున్నారు. కాని ఆ అనుభవమునకు ఖరీదేమి? ఒక్కొక్క పాఠమునకు ఒక్కొక్క పెట్టె కాలినది. తండ్రి నేర్చిన పాఠమును కొడుకు మరల పెట్టె కాల్చియే నేర్వవలెనా? వ్రాసి పెట్టినచో రెండవపెట్టె మిగులును. 2019లో కచ్చులూరువద్ద మునిగిన పడవను వెలికితీయునపుడు ఏమి జరిగినదో జ్ఞప్తికి తెచ్చుకొనవచ్చును. మహాయంత్రములు, మహాధికారులు చూచుచుండగా, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యముగారి బృందము లంగరులతోను, ఇనుపత్రాళ్లతోను అక్టోబరు 22వ తేదిని దానిని పైకి లాగినది. అట్టి విద్య మనకు గలదు. దానిని అచ్చునకెక్కించు శ్రద్ధయే లేదు.

"పారిభాషికపదములు లేవు" అను మూడవ ఆక్షేపణ పండితులది. గేరు, క్లచ్చి, బేరింగు, సీలు — ఇవి రేవున ఏనాడో తెలుగైనవి. లంగరు పారశీకము, సరంగు పారశీకము, కలాసీ ఎచటిదో. అవి తెలుగు కాదని ఏ జాలరియు అనలేదు. గేరుబాక్సునకు "దంతచక్రపేటిక" యని నామకరణము చేసి, రేవున నొక్కనికిని అర్థముకాని గ్రంథమును అచ్చువేసి, శాలువ కప్పించుకొను మహానుభావులు రాకుండుటయే ఈ కార్యమునకు మేలు. వారి తెలుగుకంటె ఆ ఆంగ్లమే నయము.

శాస్త్రవిద్య దేశభాషలో నడువదనుమాట హైదరాబాదున నిలిచి యనుటకు ధైర్యము కావలెను. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ బోధనాభాషగ వెలసినది. 1917లోనే అనువాదశాలను పెట్టి శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చుకొనిరి. ఆనాటి రాజ్యమున ప్రజలలో అధికసంఖ్యాకుల భాషయైన తెలుగునకు ఆ భాగ్యము కలుగకపోవుట వేరుకథ, ఆ గాయము మేము మరువలేదు. కాని సాధ్యమా అసాధ్యమా అను ప్రశ్నకు సమాధానము నాడే లభించినది. అంతకుమున్నే, 1906లో, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును వారి మిత్రులును ఈ హైదరాబాదుననే విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పి చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగున అచ్చువేయ మొదలిడిరి. వారికి వేతనములు లేవు, ఉపగ్రహములు లేవు. నేడు గచ్చిబౌలిలో 1998లో పుట్టిన త్రిపుల్ ఐటీయందు భారతీయభాషల యంత్రానువాదమునకై పరిశోధకులు ఏండ్లతరబడి కృషి చేయుచున్నారు. 2021లో సాంకేతికవిద్యామండలి తెలుగు మొదలగు భాషలలో ఇంజనీరింగు బోధనకు అనుమతి యిచ్చినది. సాధనములన్నియు ఒక్క వీధిలోనే యున్నవి.

ఇచ్చట ఒక హెచ్చరిక. యంత్రముచేత అనువదింపజేసి, సరిచూడక పంచిపెట్టుట సేవ కాదు. "మర బిగింపక కొలువుము" అనుదానిని "మర బిగించి కొలువుము" అని యంత్రము వ్రాసినచో ఏమగునో పైన చెప్పియున్నాము. ప్రతివాక్యమును ఒక ఇంజనీరును, ఒక రేవుమిస్త్రీయు ప్రక్కప్రక్కన కూర్చుండి, పెట్టె మూత తెరచి, సరిచూచి ఒప్పుకొనవలెను. ఆ ఒక్క బల్లమీద కూర్చుండుటకు మన మెకానికలు పట్టభద్రులు నామోషీపడుచున్నారని మా అనుమానము. యంత్రశాస్త్రము చదివి, చేతికి నూనె అంటని యుద్యోగమునకై ఆ శాస్త్రమునే విడిచినవారు వారిలో ఎందరో. బ్రదుకుతెరువును మేము తప్పుపట్టము. నూనెచేతిని చిన్నచూపు చూచుటను తప్పుపట్టుదుము.

హైదరాబాదువారికి ఇది పరుల బాధ అని తోచినచో దుర్గముచెరువు గట్టునకు పోయి చూడవచ్చును. ఒకప్పుడు గోలకొండకు నీరిచ్చిన చెరువది. 2020 సెప్టెంబరు 25న దానిపై తీగలవంతెన ప్రారంభమైనది. సాయంకాలములందు ఆ దీపముల కాంతిలో పడవవిహారము చేయుట మన సాఫ్టువేరు కుటుంబములకు వేడుక. వేడుకపడవల వెనుక బిగించు మోటారులకును నీటిలో మునిగిన కాలియందు గేరులున్నవి, వానికిని నూనె యున్నది. గుర్రపుడెక్క తీగయో, ప్లాస్టికు సంచియో, గాలపునూలో పంకాయిరుసునకు చుట్టుకొని సీలును కోసినచో ఆ నూనెయు మజ్జిగయగును. ఏటికొకమారు, లేక నూరుగంటలకొకమారు, నూనె దింపి రంగు చూచుట సామాన్యనియమము. విహారమునకు పోవు తండ్రులారా, పిల్లలకు ప్రాణరక్షకచొక్కా తొడిగినారో లేదో చూచుకొందురు, మంచిదే. ఆ పడవనూనె ఎప్పుడు మార్చిరని మీలో నొక్కరైన అడిగితిరా?

కచ్చులూరును మరల తలవక తప్పదు. 2019 సెప్టెంబరు 15న వరదగోదావరిలో, పాపికొండలకు పోవు దారిలో, డెబ్బదిమందికి పైగా నున్న విహారపడవ మునిగినది; బ్రదికి బయటపడినవారు ఇరువదియారుగురు. హైదరాబాదువారు, వరంగల్లువారు ఆ పడవలో పెక్కురుండిరి. ఆ దుర్ఘటన గేరుబాక్సు వలన జరిగినదని మేమెంతమాత్రము చెప్పము. కాని పడవయొక్క యోగ్యతను చూచునది ఎవరు, ఏమి చూచుదురు అను ప్రశ్న నాడు పుట్టినది. 1917నాటి లోతట్టునౌకల చట్టమును త్రోసిపుచ్చి 2021లో క్రొత్తచట్టము చేసిరి. సర్వే పత్రమును, రిజిష్టరును విధించిరి. మంచిదే. ఆ పత్రము పరీక్షించిన దినమున పడవ యెట్లున్నదో చెప్పును. మిగిలిన 364 దినములును చెప్పగలది గేరుబాక్సు ప్రక్కన వ్రేలాడు నోటుపుస్తక మొక్కటియే. నూనె మార్చిన తేది, పోసిన నూనె, కనబడిన రంగు, తీగ సవరించిన దినము — ఇవి సరంగు తన తెలుగులో వ్రాసికొనవలెను, అధికారి వచ్చినపుడు పత్రముకంటె ముందు దానిని అడుగవలెను.

విశాఖపట్టణము సామాన్యపురేవు కాదు. 1941లో వాల్‌చందు హీరాచందుగారు పరప్రభుత్వకాలముననే అచట ఓడలకర్మాగారమునకు రాజేంద్రప్రసాదుగారిచే శంకుస్థాపన చేయించిరి. అచట పుట్టిన జలఉషను 1948లో నెహ్రూగారు నీటిలోనికి విడిచిరి. మహానౌకను కన్న తీరమున చిన్నపడవ గేరునూనెకు దిక్కులేదనుట ఎంత సిగ్గు! స్వదేశీ గేరుబాక్సు చేయుదమని ఉపన్యసించువారికి మాదొక మనవి: చేయుడు, సంతోషింతుము; ఈలోపల ఉన్నదానిని కాల్చకుండ చూచుటయు స్వదేశీయే.

ఇక కర్తవ్యము. డీజిలునకు రాయితీయు, 2020లో మొదలైన మత్స్యసంపదయోజన క్రింద లోతుసముద్రపు పడవలకు సహాయమును ఇచ్చు ప్రభుత్వములు, ఆ ధనముతో కొనబడు ప్రతిగేరుబాక్సుతోను తెలుగుపుస్తకము రావలెనని ఒక షరతు వ్రాసినచో చాలును. అమ్మదలచిన కంపెనీ వ్రాసియిచ్చును. ఇయ్యని కంపెనీపెట్టె కొననక్కరలేదు. విశాఖపట్టణమున సిఫ్‌నెట్ శాఖయు, కాకినాడలో మత్స్యసాంకేతికసంస్థయు గలవు, సరిచూచుపని వారిది. హైదరాబాదు ఇంజనీరులు పదిమంది ముందునకు వచ్చినచో వ్రాయుపనికి ఒక వేటవిరామము చాలును. రాబోవు ఏప్రిలు 15న రైలెక్కి విశాఖ దిగవచ్చును; పడవలు ఒడ్డుననే యుండును, మిస్త్రీలు పనిలో నుందురు.

ఆ పుస్తకము నలువదిపుటలకు మించనక్కరలేదు. నీటికి తడియని కాగితముపై, నూనెవ్రేళ్లతో త్రిప్పినను చదువవచ్చు పెద్దయక్షరములతో అచ్చువేయవలెను. మూలకు రంధ్రము పెట్టి, త్రాట గట్టి, పెట్టె ప్రక్కన మేకునకు తగిలింపవలెను. మొదటిపుటలో ముందుమాటలు వలదు, మంత్రిగారి చిత్రపటము వలదు. కొలతపుల్ల బొమ్మ యుండవలెను.